చిన్న డే స్పా నడపాలంటే: నిమిషాల లెక్క నుంచి తువ్వాళ్ల దాకా

ఫేషియల్ బాగా చేయడం వేరు, ఫేషియల్స్ చేసే చోటును నడపడం వేరు. మొదటిది వచ్చు కదా, రెండోది అదే వస్తుందిలే అనుకుని నేను తలుపు తెరిచాను. మొదటి ఆరు నెలలూ డైరీ నిండా అపాయింట్‌మెంట్లే. నెలాఖరున చూసుకుంటే మణికట్ల నొప్పి తప్ప ఏమీ మిగిలేది కాదు. డబ్బు ఎక్కడ జారిపోతోందో తెలుసుకోవాలని ఒక వారం పాటు గడియారం, నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఏ పనికి ఎంతసేపు పడుతోందో రాశాను. ఆ వారంలో నేర్చుకున్నంత అంతకు ముందు ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు.

స్పాలో అసలు సరుకు బెడ్ మీద గడిచే నిమిషాలు. క్రీము డబ్బా ఇవాళ అమ్ముడుపోకపోతే రేపు పోతుంది. మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు ఖాళీగా పడున్న బెడ్‌ను బుధవారం అమ్మలేం. ధర, మెనూ, శుభ్రత, రాకుండా ఎగ్గొట్టే క్లయింట్లు, ఆఫర్లు అన్నీ చివరికి ఈ నిమిషాల దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఒకటి రెండు బెడ్లు ఉండి, యజమానే స్వయంగా చేత్తో పని చేస్తూ, సాయానికి ఒకరో ఇద్దరో ఉన్న చోటు కోసం రాస్తున్నదిది. లైసెన్సు, శిక్షణ సర్టిఫికెట్, బీమా నియమాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టకముందే ఆ ఆఫీసులకు వెళ్లి కనుక్కోండి. ఆ భవనంలో ఈ వ్యాపారానికి అనుమతే లేదని ఆ తర్వాత తెలిస్తే అడ్వాన్సు వెనక్కి రాదు.

1. ఏం చేయరో ముందు రాసుకోండి

కొత్తగా తెరిచినవాళ్ల మెనూ కార్డు చాలాసార్లు నాలుగు పేజీలుంటుంది. నాదీ అలాగే ఉండేది: పద్దెనిమిది రకాల ఫేషియల్స్. వాటిలో సగం పేరులోనే తేడా. ప్రతి పేరుకీ ఒక సీసా, ఒక మాస్కు కొనాలి, అన్నీ సగం వాడాక పాడవుతాయి. క్లయింటుకూ తికమకే, ఏది కావాలో తేల్చుకోలేక అన్నిటికంటే చవకది ఎంచుకుంటారు.

ఇప్పుడు నా దగ్గర ఫేషియల్స్ మూడే: పొడి చర్మానికి ఒకటి, జిడ్డు, మొటిమల చర్మానికి ఒకటి, సున్నితమైన చర్మానికి ఒకటి. ఇవి కాక ఒక తేలికపాటి పీల్ (యాసిడ్ రాసి చర్మం పైపొరను వదిలించడం), ఒక బాడీ మసాజ్, వ్యాక్సింగ్. ఏ ఫేషియల్ అన్నది చర్మం చూశాక నేనే చెబుతాను. మెనూ చిన్నదైతే చేయి తిరుగుతుంది, స్టాకు తగ్గుతుంది, కొత్తగా చేరిన అమ్మాయికి నేర్పడం తేలికవుతుంది.

చేయని పనుల జాబితా ఇంకా ముఖ్యం. ఇంజెక్షన్లు, లోతైన పీల్స్, పుట్టుమచ్చలు తీయడం, లేజర్ లాంటివి డాక్టర్ల పని, లేదా డాక్టర్ పర్యవేక్షణలో జరగాల్సిన పని. "ఆ పక్క స్పాలో చేస్తున్నారండీ" అని క్లయింటు అన్నా సరే. రోగం పేరు చెప్పడం కూడా మన పని కాదు. వీపు మీద ఒక మచ్చ ఆకారం రెండు వైపులా సమంగా లేకపోతే, అంచులు గజిబిజిగా ఉంటే, రంగులు కలిసి ఉంటే, పోయినసారి కంటే పెరిగినట్టు అనిపిస్తే "ఇది ఒకసారి చర్మ డాక్టరుకి చూపించండి" అని చెప్పి, కార్డులో రాసుకోవాలి. వాళ్ల వీపు వాళ్లకు కనబడదు, నెలనెలా చూసేది మనమే. ఫలానా జబ్బేమో అని మాత్రం నోరు జారకండి.

2. గడియారం పెట్టి ధర కట్టండి

ఎక్కువమంది పక్కవాళ్ల బోర్డు చూసి, అందులోంచి కొంచెం తగ్గించి ధర పెడతారు. పక్కవాళ్లూ అలాగే పెట్టి ఉంటారు. మీ లెక్క మీరు కట్టుకోండి.

ఒక బెడ్, రోజుకు 8 గంటలు అనుకుందాం. అంటే 480 నిమిషాలు. బోర్డు మీద "60 నిమిషాల ఫేషియల్" అని ఉంటుంది కాబట్టి రోజుకు 8 చేయొచ్చనిపిస్తుంది. నా నోటుబుక్కులో తేలింది ఇది: వచ్చాక మాట్లాడటం, కార్డు చూడటం 5 నిమిషాలు. ట్రీట్‌మెంట్ 60. లేచి సర్దుకోవడం, డబ్బు కట్టడం, తర్వాతి తేదీ రాసుకోవడం 5. దుప్పటి మార్చడం, తుడవడం, పనిముట్లు కడగడం 10. మొత్తం 80. భోజనానికి, చిన్నచిన్న ఆలస్యాలకు ఒక గంట తీసేస్తే మిగిలేది 420 నిమిషాలు. అందులో పట్టేవి 5 ఫేషియల్స్.

నెలకు 26 రోజులు తెరిస్తే 130. అన్నీ నిండుతాయా? నిండవు. నేను 60% నిండుతాయనే లెక్క వేస్తాను, అంటే 78. కాగితం మీద ఊహించుకున్న 208 ఎక్కడ, ఈ 78 ఎక్కడ! 208 చేస్తామనుకుని ధర పెట్టినవాళ్లకు స్థిర ఖర్చుల్లో మూడో వంతు కంటే కాస్త ఎక్కువే తిరిగి వస్తుంది. మిగతాది అప్పు.

ఇప్పుడు నెల స్థిర ఖర్చులన్నీ ఒకచోట రాయండి: అద్దె, కరెంటు, ఫోను, బీమా, లాండ్రీ, బెడ్లు, యంత్రాల వాయిదా, సహాయకుల జీతం, మీ జీతం. మీ జీతం అన్నది మరిచిపోకండి. యజమాని జీతం వేసుకోకుండా "లాభం వస్తోంది" అనుకోవడం ఈ రంగంలో అందరికీ ఉన్న భ్రమ. ఆ మొత్తాన్ని 78తో భాగిస్తే ఒక్క ఫేషియల్ మోయాల్సిన స్థిర ఖర్చు వస్తుంది. దానికి ఆ ఫేషియల్‌కు వాడే సరుకు ఖర్చు కలపండి. ఆ పైన లాభం.

చిన్న పనులకు ఇదే లెక్క నిమిషాల్లో కట్టండి. 78 ఫేషియల్స్ ఒక్కొక్కటి 80 నిమిషాల చొప్పున 6,240 నిమిషాలు. స్థిర ఖర్చును 6,240తో భాగిస్తే నిమిషం ధర తేలుతుంది. కనుబొమ్మల వ్యాక్సింగ్ చేతిపని 10 నిమిషాలే కావచ్చు, బెడ్ మాత్రం 20 నిమిషాలు పోతుంది. ఆ 20కే ధర కట్టాలి. ఈ లెక్క చేశాక నేను రెండు ట్రీట్‌మెంట్లు మెనూలోంచి తీసేశాను. రెండూ జనానికి బాగా నచ్చినవే, చేసిన ప్రతిసారీ నష్టం.

సరుకు ఖర్చు ఎలా తెలుస్తుందంటే, వంటగదిలో వాడే చిన్న త్రాసు చాలు. ఫేషియల్‌కు ముందు సీసా బరువు, తర్వాత బరువు. ఒక్కసారికి 5 మి.లీ. క్లెన్సర్ అనుకుంటే 500 మి.లీ. సీసా 100 మందికి రావాలి. మా దగ్గర 70 మందికే వచ్చేది. మిగిలిన 30 మంది వాటా ఏమైందంటే, పంపు గట్టిగా రెండుసార్లు నొక్కే అలవాటు. ఒక్కసారే నొక్కమని సీసా మీద చీటీ అంటించాం, సరిపోయింది.

ఇక ధర అందరికీ ఒకటే. మొహం చూసి బొట్టు పెడితే, తక్కువ కట్టినవాళ్ల ద్వారానే ఎక్కువ కట్టినవాళ్లకు ఆ సంగతి చేరుతుంది.

3. గది

దీని మీద పెద్దగా ఖర్చు పెట్టకండి. ముందు నీళ్లు, కరెంటు చూడండి. గదిలోనే వేడినీళ్లు వచ్చే సింకు ఉండాలి. స్టీమరు, తువ్వాళ్లు వేడిచేసే పెట్టె, ఏసీ, వ్యాక్స్ హీటరు ఒకేసారి వేస్తే ఆ వైరింగ్ మోస్తుందా అని ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. గోడ రంగు తర్వాతైనా మార్చుకోవచ్చు. డబ్బు పెట్టాల్సింది ఎత్తు మార్చుకునే బెడ్ మీద. ఎత్తు కుదరని బెడ్ మీద ఏడాది పని చేస్తే నడుం చెబుతుంది. లైట్లు రెండు రకాలు: చర్మం పరీక్షించడానికి తెల్లని గట్టి లైటు, తర్వాత మసక వెలుతురు. గోడల్లోంచి పక్క గది ఫోను మాటలు వినిపిస్తే మీరు ఎంత మంచి సంగీతం పెట్టినా దండగ. నేల మీద కార్పెట్ వద్దు, వ్యాక్స్ పడితే అంతే సంగతులు.

4. క్లయింట్ కార్డు: అడగాల్సిన ప్రశ్న అడగడం

ఒకావిడ పైపెదవి వ్యాక్సింగ్‌కు వచ్చారు. "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగాను. లేదన్నారు. స్ట్రిప్ లాగగానే దాంతోపాటు పలచటి చర్మం పొర ఊడొచ్చింది. ఆవిడ మొటిమల కోసం డాక్టరు రాసిచ్చిన, చర్మం పైపొరను పలచబరిచే ట్రెటినోయిన్ క్రీము రోజూ రాత్రి రాసుకుంటున్నారు. ఆవిడ అబద్ధమేమీ ఆడలేదు. ఆవిడ దృష్టిలో మందంటే మింగేది, ఇది క్రీము. తప్పు నా ప్రశ్నలో ఉంది.

అప్పటినుంచి కార్డులో ప్రశ్న మార్చాం: "రాత్రి పడుకోబోయే ముందు మొహానికి ఏమేం రాస్తారు? ట్యూబు ఫోటో చూపించగలరా?" ట్రెటినోయిన్, అడాపలీన్, రెటినాల్ లాంటివి వాడుతుంటే ఆ భాగంలో వ్యాక్సింగ్ చేయం. కనీసం వారం రోజులు ఆపి రమ్మంటాం, డాక్టరు ఇచ్చిన క్రీమైతే ఆ డాక్టర్ని అడిగే ఆపమంటాం. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగుతున్నా, మింగి ఆపినా 6 నెలల దాకా వ్యాక్సింగ్ లేదు. అడిగినంత మాత్రాన ఎవరూ చిన్నబుచ్చుకోరు, అడగకుండా చేసి చర్మం ఊడితే మాత్రం మళ్లీ మన గడప తొక్కరు.

కార్డులో ఇంకా ఏముండాలంటే:

- గర్భంతో ఉన్నారా, పాలిస్తున్నారా. రెటినాయిడ్ (పైన చెప్పిన ట్రెటినోయిన్, అడాపలీన్, రెటినాల్ జాతి) ఉన్నవేవీ గర్భిణులకు వాడకూడదు.
- గింజల అలర్జీ ఉందా. మసాజ్ నూనెల్లో బాదం నూనె సాధారణం.
- మధుమేహం, రక్తం పలచబడే మందులు, ఇటీవలి ఆపరేషన్లు. ఒక కాలి పిక్కలో మాత్రమే వాపు, నొప్పి, వేడి ఉంటే మసాజ్ చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. అది రక్తనాళంలో రక్తం గడ్డకట్టడం కావచ్చు.
- పెదవి చుట్టూ జ్వరపు పొక్కులు తరచూ వస్తాయా. పొక్కు ఉన్నరోజు ఫేషియల్ వద్దు, అంటుకుంటుంది. పొక్కు లేకపోయినా పీల్ దాన్ని రేపవచ్చు.
- చివరిసారి ఎండలో కమిలింది ఎప్పుడు.

పొక్కున్నా, కమిలినా, జ్వరమున్నా వెనక్కి పంపండి. ఆ బుకింగ్‌కు క్యాన్సిలేషన్ రుసుము తీసుకోకండి. తీసుకుంటారని తెలిస్తే వచ్చేవాళ్లు దాచిపెడతారు.

పీల్‌కు, కనురెప్పల రంగుకు, కొత్త ఉత్పత్తికి ముందు ప్యాచ్ టెస్ట్ తప్పదు. మోచేతి లోపలివైపు గానీ చెవి వెనక గానీ కొంచెం రాసి 24 నుంచి 48 గంటలు చూడాలి. అదే రోజు చేసేయమని బతిమాలతారు. వద్దు.

పీల్ విషయంలో ఒక మాట. అమెరికాలో కాస్మెటిక్ ఇంగ్రీడియంట్ రివ్యూ అనే నిపుణుల కమిటీ గ్లైకాలిక్, లాక్టిక్ యాసిడ్లకు హద్దు చెప్పింది: ఇంట్లో వాడేవైతే 10% దాకా, పిహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత) 3.5కు తగ్గకుండా. శిక్షణ ఉన్నవాళ్లు సెలూన్లో కొద్దిసేపు ఉంచి కడిగేసేవైతే 30% దాకా, పిహెచ్ 3కు తగ్గకుండా. మీ చోట నియమం ఇంతకంటే గట్టిగా ఉంటే అదే పాటించాలి. సీసా మీద శాతం ఒక్కటే చూసి కొనేయకండి. 20% అని రాసున్నవి రెండు పక్కపక్కన పెడితే, పిహెచ్ తక్కువున్నదే ఎక్కువ కరుస్తుంది. ముదురు రంగు చర్మంలో చిన్న మంట కూడా నెలల తరబడి నల్లమచ్చగా మిగలొచ్చు. వ్యాక్స్ వేడి, పీల్ ఘాటు, గట్టిగా నొక్కి బ్లాక్‌హెడ్స్ తీయడం, ఈ మూడింటికీ ఇది వర్తిస్తుంది. 1975లో ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే డాక్టరు మొదలుపెట్టిన చర్మరకాల వర్గీకరణలో ఇప్పుడు 6 రకాలున్నాయి. ముదురు రంగువైపు ఉండే 4, 5, 6 రకాలవాళ్లకు తక్కువ ఘాటుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. ఒక్కసారిలో మార్పు చూపించాలన్న ఆరాటమే ఎక్కువ మచ్చలకు కారణం.

5. శుభ్రత: క్లయింటుకు కనిపించనిది

కడగడం, క్రిములను చంపడం, స్టెరిలైజ్ చేయడం (ఒక్క క్రిమీ మిగలకుండా చేయడం) మూడూ మూడు పనులు. సబ్బు, నీళ్లతో మురికి వదిలించాకే మందు నీళ్లు పని చేస్తాయి. జిడ్డు మీద పోసిన డిసిన్ఫెక్టెంట్ జిడ్డు మీదే ఉండిపోతుంది. ఆ మందులో ఎంతసేపు మునిగి ఉండాలో సీసా మీద రాసి ఉంటుంది, చాలావాటికి 10 నిమిషాలు. ముంచి తీసి తుడిచేస్తే ముంచనట్టే. స్పిరిట్ విషయంలో 100%కు దగ్గరగా ఉన్నదానికంటే 70% బాగా పని చేస్తుంది, క్రిముల్లోని ప్రొటీన్లను చెడగొట్టడానికి కొంత నీరు కావాలి.

చర్మం లోపలికి వెళ్లే సూదుల్లాంటివి ఒకసారి వాడి పారేసేవే కొనండి. మళ్లీ వాడే లోహపు పనిముట్లకు ఆటోక్లేవ్ కావాలి. ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు. నీలం లైటు వెలిగే యూవీ పెట్టె చూడటానికి బాగుంటుంది గానీ అది స్టెరిలైజ్ చేయదు, శుభ్రం చేసినవాటిని దాచుకునే అల్మరా మాత్రమే. ఇదెందుకు ఇంత చెబుతున్నానంటే, హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు చుక్కలో కనీసం 7 రోజులు బతుకుతుంది. మరక కంటికి కనిపించకపోయినా సరే.

వ్యాక్స్‌కు ఒక పుల్ల ఒకేసారి ముంచాలి. చర్మానికి తాకిన పుల్ల మళ్లీ గిన్నెలోకి వెళ్లకూడదు. పుల్లలు చాలా ఖర్చవుతాయని సహాయకులు మొహమాటపడతారు, ఆ ఖర్చు ధరలో ముందే వేసేయండి. వేడి చూసుకోవడం మీ సొంత మణికట్టు లోపలివైపు, ప్రతి క్లయింటుకూ.

స్టీమరులో డిస్టిల్డ్ వాటర్ పోయండి. మామూలు నీళ్లతో లోపల సున్నం పేరుకుని, ఒకరోజు మరిగే చుక్కలు ఎవరి మొహం మీదో చిమ్ముతుంది. మొహానికి 35–45 సెం.మీ. దూరం. తువ్వాళ్ల వేడి పెట్టెను రాత్రి ఖాళీ చేసి తలుపు తెరిచే ఉంచండి, లేకపోతే ఉదయానికి బూజు వాసన.

ఇప్పుడు తువ్వాళ్లు. ఇది చాలామందికి తెలియని ప్రమాదం. మసాజ్ నూనెలు పీల్చిన తువ్వాళ్లను మామూలుగా ఉతికితే నూనె పూర్తిగా పోదు. వాటిని డ్రైయర్‌లో వేడిగా ఆరబెట్టి, వేడివేడిగానే మడతపెట్టి కుప్పగా పేరిస్తే, మిగిలిన నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తూ ఉంటుంది. కుప్ప మధ్యలో ఆ వేడి బయటికి పోలేక పెరిగిపెరిగి తనంతట తానే అంటుకుంటుంది, అది కూడా అందరూ ఇంటికి వెళ్లిపోయిన కొన్ని గంటల తర్వాత. నూనె తువ్వాళ్లను వేరుగా, 60 డిగ్రీల నీళ్లలో, జిడ్డు విడిపించే డిటర్జెంట్‌తో ఉతకండి. డ్రైయర్‌లో చివరి చల్లబరిచే దశను మధ్యలో ఆపొద్దు. పూర్తిగా చల్లారాకే మడత. ఎంత ఉతికినా కమరు వాసన పోని తువ్వాలును పారేయండి.

6. సరుకు, అమ్మకం

సీసా తెరిచిన రోజే తేదీ రాయండి. చాలా డబ్బాల మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6 ఎం, 12 ఎం అని ఉంటుంది, తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్పే గుర్తు. ముందు కొన్నది ముందు వాడాలి. విటమిన్ సి సీరం గోధుమరంగుకు తిరిగితే ఇక దాని పని అయిపోయినట్టే. డబ్బాలోకి వేళ్లు పెట్టొద్దు, పుల్లతో తీసి గిన్నెలో వేసుకోండి.

సుగంధ తైలాలు సహజమైనవి కాబట్టి హాని లేదనుకోకండి. అలర్జీలకు వాటి వంతు పెద్దదే. మసాజ్‌కు 2% మించకుండా, అంటే 30 మి.లీ. నూనెకు సుమారు 12 చుక్కలు. మొహానికి అందులో సగమో, ఇంకా తక్కువో. బెర్గమాట్ లాంటి కొన్ని నిమ్మజాతి తైలాలు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి మచ్చ పడుతుంది.

ఇంట్లో వాడుకునే ఉత్పత్తులు అమ్మడమంటే చాలామందికి మొహమాటం, నాకూ ఉండేది. ఇప్పుడు ఒక్కటే పద్ధతి: ఫేషియల్ అయ్యాక కార్డు మీద వాళ్లకు కావలసినవి రెండు మాత్రమే రాసిస్తాను. ఆ రెండింట్లో ఒకటి దాదాపు ఎప్పుడూ సన్‌స్క్రీనే, ముఖ్యంగా పీల్ చేయించుకున్నవాళ్లకు. ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97% యూవీబీ (చర్మాన్ని కమిలించే ఎండ) కిరణాల్ని ఆపుతుంది, 50 అయితే సుమారు 98%. తేడా అంతే. అసలు తేడా ఎంత రాస్తారన్న దగ్గరుంది. ల్యాబులో చదరపు సెంటీమీటరుకు 2 మి.గ్రా. చొప్పున రాసి పరీక్షిస్తారు, జనం అందులో సగం కూడా రాయరు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు చారలు పిండి చూపిస్తే "ఇంతా!" అంటారు. అలా చూపించిన రోజే సన్‌స్క్రీన్ అమ్ముడవుతుంది, పైగా ట్యూబు తొందరగా అయిపోయి మళ్లీ వస్తారు.

7. డైరీ నింపడం

రోజుకు పట్టేవి 5. ఒకరు ఎగ్గొడితే ఆరోజు ఐదో వంతు పోయింది. అందుకే కొత్తవాళ్ల దగ్గర, పొడవైన అపాయింట్‌మెంట్లకు కొంత అడ్వాన్సు తీసుకోండి. 24 గంటల ముందు చెబితే తేదీ మార్చుకోవచ్చు, చెప్పకపోతే అడ్వాన్సు పోతుంది. ఈ మాట బుక్ చేసుకునేటప్పుడే చెప్పాలి, పోయాక చెబితే గొడవ. ముందురోజు ఒక మెసేజ్ పంపండి. నేను అడ్వాన్సు పెట్టడానికి రెండేళ్లు భయపడ్డాను. పెట్టాక వెళ్లిపోయినవాళ్లు ముగ్గురో నలుగురో, అంతకు ముందు ఎక్కువగా ఎగ్గొట్టింది కూడా వాళ్లే.

క్లయింటు వెళ్లేలోపే తర్వాతి తేదీ అడగండి. యువకుల్లో చర్మం పైపొర మారడానికి సుమారు 4 వారాలు పడుతుంది, వయసుతోపాటు అది ఇంకా నెమ్మదిస్తుంది. 4 నుంచి 6 వారాలకు రమ్మనడానికి కారణం ఇదేనని చెప్పండి. వారం వారం రమ్మని ఒప్పించగలిగినా రమ్మనకండి, చర్మం చికాకుపడి వాళ్లే మానేస్తారు.

డిస్కౌంట్ల గురించి. 100కు 20 లాభం ఉన్నచోట 20% తగ్గిస్తే చేసిన పనంతా ఉచితం. సగం ధరకు ఆఫర్ పెట్టి, వచ్చినదాంట్లో మళ్లీ సగం మధ్యవర్తి వెబ్‌సైటు తీసుకుంటే చేతికి 25 వస్తుంది. అలా వచ్చినవాళ్లు వచ్చేనెల ఇంకో ఆఫర్ ఉన్న చోటికి వెళ్తారు. ధర తగ్గించేకంటే, ఖాళీగా ఉండే వేళల్లో వచ్చేవాళ్లకు అదే ధరకు ఏదైనా కలిపివ్వండి: పది నిమిషాల పాదాల మసాజ్, చేతులకు మాస్కు. ఆ బెడ్ ఎలాగూ ఖాళీ.

గిఫ్ట్ కార్డులు, ప్యాకేజీలు అమ్మితే ఆ డబ్బు వేరే ఖాతాలో పెట్టండి. ట్రీట్‌మెంట్ చేసేదాకా అది మీ డబ్బు కాదు, బాకీ. పండగ ముందు గిఫ్ట్ కార్డులు బాగా అమ్ముడుపోయాయని కొత్త యంత్రం కొనేసి, తర్వాత రెండు నెలలు డబ్బు రాకుండా పని మాత్రం చేసినవాళ్లను చూశాను.

8. తేడా వస్తే

ఎంత జాగ్రత్తపడ్డా ఒకరోజు ఎవరికో మొహం ఎర్రబడుతుంది. ఉత్పత్తిని చల్లటి నీళ్లతో కడిగేయండి. గ్లైకాలిక్ పీల్‌ను దానితో వచ్చిన న్యూట్రలైజర్‌తో ఆపాలి. ఊపిరాడకపోయినా, పెదవులు వాచినా అంబులెన్సే, ఆలోచించొద్దు. వ్యాక్స్‌తో చర్మం కాలితే ఆ చోటును 20 నిమిషాలు చల్లటి నీటి ధారకింద పెట్టాలి, ఐసు వద్దు, క్రీము వద్దు.

తర్వాత రాయండి: ఏ సీసా, బ్యాచ్ నంబరు, ఎంతసేపు ఉంచారు, ఎప్పుడు ఎర్రబడింది, ఏం చేశారు. ఒప్పుకుంటే ఫోటో తీయండి. సాయంత్రం మీరే ఫోను చేయండి, మర్నాడు మళ్లీ చేయండి. పైపెదవి ఊడిన ఆవిడకు నేను వారం రోజులు రోజూ ఫోను చేశాను, డాక్టరు ఫీజు కట్టాను. ఆవిడ ఇప్పటికీ నా దగ్గరికే వస్తారు. వ్యాక్సింగ్‌కు మాత్రం రారు.

ముందు-తర్వాత ఫోటోలు బయటపెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి కావాలి. నోటిమాట చాలదు.

9. మనుషులు, చేతులు

సహాయకులకు పూర్తిగా కమీషన్ మీదే జీతమిస్తే ఖాళీ రోజుల్లో వాళ్లు వేరే చోటు చూసుకుంటారు, పూర్తిగా స్థిర జీతమైతే మీ మీద బరువు. స్థిర జీతం, పైన కొంత వాటా నాకు కుదిరింది. ఉత్పత్తుల అమ్మకం మీద మాత్రం పెద్ద కమీషన్ పెట్టొద్దు, అవసరం లేనివి అంటగట్టడం మొదలవుతుంది. మంచి థెరపిస్టు వెళ్లిపోతే ఆమె క్లయింట్లూ కొందరు వెళ్తారు, ఏ ఒప్పందమూ దాన్ని పూర్తిగా ఆపలేదు. ప్రతి క్లయింటుకూ ఇద్దరి చేతులూ అలవాటు చేయడమే మార్గం.

మీ చేతులు కూడా స్టాకే. వరసగా మసాజ్‌లు పెట్టుకోకండి, మధ్యలో ఒక ఫేషియల్ వేయండి. బొటనవేలితో కాకుండా ముంజేత్తో, ఒంటి బరువుతో నొక్కడం నేర్చుకోండి. ఎప్పుడూ తడిలో ఉండే చేతులకు చర్మం పగలడం ఈ వృత్తిలో మామూలు, కడిగిన ప్రతిసారీ వాసనలేని క్రీము రాయండి.

10. రెండో బెడ్ ఎప్పుడు?

ప్రతి సోమవారం ఉదయం ఒక గంట తలుపు మూసి నాలుగు అంకెలు రాస్తాను: పోయిన వారం అమ్మగలిగిన నిమిషాలెన్ని, అమ్ముడైనవి ఎన్ని, మళ్లీ తేదీ తీసుకున్నవాళ్లు ఎందరు, చెప్పకుండా రానివాళ్లు ఎందరు. వరసగా మూడు నెలలు 80% దాటి నిండుతూ, రమ్మన్న తేదీకి ఖాళీ లేదని రోజూ ఎవరినో ఒకరిని వెనక్కి పంపాల్సి వస్తుంటే రెండో బెడ్ గురించి ఆలోచించండి. కేవలం శనివారాలు మాత్రమే కిక్కిరిసి ఉంటే అది బెడ్ల కొరత కాదు. శనివారం అడిగినవాళ్లకు ముందు గురువారం సాయంత్రం చూపించండి, సగంమంది ఒప్పుకుంటారు.